నాయిక పక్కన కూర్చునే పిల్ల

హాస్టల్, మూడో అంతస్తు,
కిటికీ పక్క మంచం.
జూన్ 28

ఏమే పీపా,

ఆదివారం ఫోన్లో ఇవన్నీ చెప్పడానికి కుదరలేదు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. వెనక నలభైమంది వరస, పక్కన వార్డెన్ చెవులు రిక్కించి నిలబడుతుంది. అందుకే ఉత్తరం. మా అమ్మకి చెప్పకు, పిన్నికి అసలే చెప్పకు.

నేను నవల రాశాను. నవ్వకు. ఒక ప్రచురణ సంస్థవాళ్ళు పోటీ పెట్టారు. పద్దెనిమిదేళ్ళు నిండని ఆడపిల్లలే రాయాలి. తన మీద తనకి నమ్మకంలేని అమ్మాయి తనని తాను తెలుసుకునే కథ అయ్యుండాలి. గెలిస్తే అట్ట మీద పేరు వేసి పుస్తకం తెస్తారు. ఇలాంటి నవలలు లైబ్రరీలో ముప్పై దాకా చదివేశాను కాబట్టి వాటి కిటుకేమిటో నాకు తెలిసిపోయింది.

చేతిరాత తీసుకోరట, టైపు చేసి మెయిల్లో పంపాలి. ఇక్కడ కంప్యూటర్ల గది తాళం వార్డెన్ నడుముకే ఉంటుంది. నువ్వెలాగూ మామయ్య షాపులో ఖాళీగా కూర్చుంటావు కదా. మొదటి ఐదు అధ్యాయాలు ఈ కవర్లో ఉన్నాయి. అక్షరం పొల్లుపోకుండా కొట్టు. నీ సొంత తెలివి చూపించకు.

నా నాయిక సన్నగా, నెమ్మదిగా ఉంటుంది. తనంటే ఎవరికీ ఇష్టంలేదని అద్దం ముందు ఏడుస్తుంది. చివర్లో స్టేజీ ఎక్కి అందరి ముందూ మాట్లాడుతుంది. పక్కన ఒక ఫ్రెండు ఉంటుంది, కాస్త నవ్వుకోవడానికి.

ఇక్కడ నాకు ఊపిరాడనివ్వడంలేదు. గదిలో అందరూ నా మంచం చుట్టూనే. రాసుకోవడానికి సందు దొరకడమే కష్టంగా ఉంది.

లెక్కలు చదువుతున్నావా? ఈసారైనా గట్టెక్కు.

అక్క

&nbsp;

మామయ్య షాపు,
రెండో కంప్యూటర్ ముందు.
జూలై 5

అక్కా,

కవరు అందింది. ఖాళీగా కూర్చుంటావని రాశావు చూడు, ఆ మాట చదివేటప్పుడు నా ముందు ఏడుగురు నిలబడి ఉన్నారు. ప్రింటరు కాగితం మింగి బిగుసుకుపోయింది. మామయ్య దాని పొట్ట తెరిచి, పట్టకారుతో ముక్కలు లాగుతున్నారు.

సొంత తెలివి గురించి నువ్వు చెప్పక్కర్లేదు. మొదటిరోజే మామయ్య చెప్పారు. "వాళ్ళు రాసింది కొట్టు, వాళ్ళు రాయాల్సింది కాదు. అక్షరం తప్పుంటే దిద్దు, అర్థం జోలికి పోకు." నిన్న ఒకాయన సెలవు దరఖాస్తు తెచ్చాడు. వాళ్ళ బాబాయి చనిపోయాడట. ఈ బాబాయి చనిపోవడం ఇది మూడోసారి. ముందు రెండు దరఖాస్తులూ నేనే కొట్టాను. నోరు మూసుకుని మూడోదీ కొట్టాను.

నీ నవల బాగుంది. బాగున్నందుకు నాకు ఒళ్ళు మండింది, అదీ చెప్తున్నాను. నీ దస్తూరి కూడా ముత్యాలు పేర్చినట్టే ఉంటుంది, కొట్టివేత ఒక్కటి లేదు. కానీ ఆ నాయిక అద్దం ముందు మూడున్నర పేజీలు ఏడ్చింది. అంత సన్నటి పిల్లకి అన్ని కన్నీళ్ళు ఎక్కడివే? నువ్వు పంపితే నేనూ అలాంటివి నాలుగు చదివాను. అందరూ సన్నగానే ఉంటారు, అందరికీ జుట్టు నడుం దాకా ఉంటుంది, అయినా తాము బాగుండమని కుమిలిపోతారు. వాళ్ళే బాగుండకపోతే మాబోటివాళ్ళం ఏ గోతిలో దూకాలి?

పెద్దమ్మ నీ మార్కుల కాగితం పట్టుకుని నిన్న మేడమీదికి మా వాటాలోకి వచ్చింది. మోకాళ్ళ నొప్పులని ఆర్నెల్లుగా మెట్లెక్కడంలేదు. నీ మార్కులకి మాత్రం మోకాళ్ళు లొంగాయి. అమ్మ ఆ కాగితం చూసి, నా వైపు చూసి, మళ్ళీ కాగితం చూసింది. నేను ఇంకో ముద్ద పెట్టుకున్నాను.

ఒక్కమాట అడుగుతాను. నాయిక పక్కన ఉండే పిల్ల పేరు డ్రమ్ము. లెక్కల్లో తప్పింది. అరచేతులకి చెమట. మెట్లెక్కితే ఆయాసం. మామయ్య మనిద్దరికీ పుల్ల, పీపా అని పేర్లు పెట్టినప్పుడు నువ్వక్కడే ఉన్నావు. ఈ డ్రమ్ము ఎవరే?

పీపా

&nbsp;

హాస్టల్, అదే మంచం.
జూలై 14

పీపా,

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేం? లోకంలో లావుగా ఉన్నది నువ్వొక్కదానివేనా? రచయిత అన్నాక నలుగుర్ని చూస్తుంది, నాలుగు కలుపుతుంది. నీకవన్నీ అర్థం కావులే. అయినా డ్రమ్ము మంచిపిల్లగానే ఉంది కదా, నాయికంటే ప్రాణం దానికి.

మిగతా తొమ్మిది అధ్యాయాలు పంపుతున్నాను. ఏడో అధ్యాయం జాగ్రత్తగా కొట్టు, నవలకి గుండెకాయ అదే. గడువు ఈ నెలాఖరు. కొట్టిన కాపీ నాకు పంపి, నేను చూసి, మళ్ళీ పంపేంత టైము లేదు. అక్కణ్ణించే మెయిల్ చేసెయ్యి. సంస్థవాళ్ళ చిరునామా, నా పేరు, హాస్టల్ అడ్రసు చివరి కాగితంలో ఉన్నాయి. నిన్ను నమ్ముకున్నాను.

మొన్న వక్తృత్వం పోటీలో నాకు మళ్ళీ మొదటి బహుమతి. అమ్మకి చెప్పు, సంతోషిస్తుంది.

అక్క

&nbsp;

మామయ్య షాపు.
(పోస్టు చెయ్యని ఉత్తరం, పాడైన ప్రింటు కాగితాల వెనక రాసింది.)
జూలై 24, మధ్యాహ్నం

అక్కా,

ఇది నీకు పంపను. మామయ్య భోజనానికి వెళ్ళారు. షట్టరు సగం దించి ఉంది. ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నాకు ఊపిరాడేలా లేదు, అందుకని రాస్తున్నాను.

ఏడో అధ్యాయం కొట్టడానికి కూర్చున్నాను. బడి వార్షికోత్సవం. అందరూ చూస్తుండగా డ్రమ్ము కూర్చున్న కుర్చీ విరిగింది. అందరూ పగలబడి నవ్వారు. నాయిక ఒక్కతే నవ్వలేదు. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, చెయ్యి అందించి డ్రమ్ముని లేపింది. డ్రమ్ము కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్ని" అంది.

నువ్వు నన్ను లేపావా అక్కా? నేను కిందపడి తలెత్తేసరికి ముందు కనపడినవి నీ పళ్ళు. రెండు వరసలూ కనపడ్డాయి. నాకు చెయ్యి అందించింది బడి ఊడ్చే ఆవిడ. చీపురు చంకలో పెట్టుకుని మరీ లేపింది. ఆవిడ నీ నవల్లో ఎక్కడా లేదు.

నువ్వంటే నాకు కుళ్ళు. బుద్ధి తెలిసినప్పట్నించీ కుళ్ళే. నీ నడుమంటే కుళ్ళు, నీ దస్తూరంటే కుళ్ళు, నీకోసం మెట్లెక్కిన పెద్దమ్మ మోకాళ్ళన్నా కుళ్ళే. కానీ ఇవాళ్టిది వేరు. అవన్నీ నీవి, నాకు లేవు, అంతే. ఈ కుర్చీ నాది. నేను విరగ్గొట్టుకున్న కుర్చీని కూడా నువ్వే పట్టుకుపోయావు.

అందుకని మార్చాను. డ్రమ్ముకి ఎవరూ చెయ్యి అందించలేదు. తనే లేచింది, గౌను దులుపుకుంది. విరిగిన ముక్కలన్నీ ఏరి, కాళ్ళు ఒకవైపు, వీపు ఒకవైపు వరసగా సర్ది, తల వంచుకుని నిలబడింది. "ఎవరూ ఏడవకండి. దాని వయసైపోయింది. నన్ను మోస్తూ పోయింది, పుణ్యాత్మురాలు" అంది. తర్వాత ఒక్కొక్కర్నీ ఆ కుర్చీ గురించి రెండు మంచి ముక్కలు చెప్పమంది. హెడ్మాస్టరుతో కూడా చెప్పించింది.

ఆ రోజు నాకు నోట మాట రాలేదు. ఇవాళ మాటలు వేళ్ళలోంచి వచ్చాయి. కొడుతూ నేనే నవ్వుకున్నాను. అక్కడితో ఆగుదామనుకున్నాను గానీ చెయ్యి ఆగలేదు. ఆ తర్వాత డ్రమ్ము నోరు తెరిచినచోటల్లా నీ మాట తీసేసి నా మాట పెట్టాను. లెక్కేస్తే ఏడు పేజీలు తేలాయి.

బాబాయిని మూడుసార్లు చంపినవాడికి నమ్మకంగా కొట్టిచ్చాను. నీకు కొట్టివ్వలేకపోయాను. సరిచెయ్యడానికి ఇంకా వారం ఉంది. చేస్తానో లేదో నాకే తెలియదు.

&nbsp;

మామయ్య షాపు.
జూలై 31

అక్కా,

నీ నవల పొద్దున పదకొండింటికి పంపేశాను. అందినట్టు జవాబు కూడా వచ్చింది. మొత్తం నూట నలభై రెండు పేజీలు. అక్షరదోషాలు లేవు.

నీ బహుమతి సంగతి పెద్దమ్మకి చెప్పాను. మళ్ళీ మెట్లెక్కింది.

పీపా

&nbsp;

హాస్టల్.
సెప్టెంబరు 12

పీపా,

మూడొందల నవలల్లోంచి పది ఏరారు. అందులో నాది ఉంది. సంపాదకురాలు తనే ఉత్తరం రాసింది. వార్డెన్ ఆ కవరు చించి చదివి, భోజనాల హాల్లో అందరి ముందూ ప్రకటించింది. ఇంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు. అమ్మకి ఆదివారం నేనే చెప్తాను, నువ్వు చెప్పకు.

ఆవిడ రాసిన ముక్క ఇక్కడ దింపుతున్నాను. "మీ నాయిక మేము చాలాసార్లు చూసిన అమ్మాయే. కానీ ఆ డ్రమ్ము మమ్మల్ని వదలడంలేదు. ఆ పిల్ల కుర్చీకి చేసిన సంతాపసభని ఆఫీసులో అందరం గట్టిగా చదువుకున్నాం. డ్రమ్మునే నాయికని చేసి నవంబరు ఆఖరులోగా తిరగరాసి పంపగలరా? ఆ తర్వాతే మా నిర్ణయం."

కుర్చీకి సంతాపసభ ఏమిటే? నేను అలాంటిది రాయలేదు. రఫ్ నోటుపుస్తకం మూడుసార్లు తిరగేశాను. ఇంకెవరి నవలతోనో కలిపేసుకుందేమో అనుకున్నాను. కానీ డ్రమ్ము అని పేరు పెట్టే రాసింది.

నువ్వు పంపిన ఫైలు ప్రింటు తీసి పంపు. ఊరికే, దాచుకోవడానికి.

అక్క

&nbsp;

మామయ్య షాపు.
సెప్టెంబరు 20

అక్కా,

ప్రింటు ఇందులో ఉంది. దాచుకోవడానికి కాదని నాకూ తెలుసు. డెబ్భై ఒకటో పేజీ నుంచి చూడు.

అవి నేను మార్చాను. క్షమించమని రాయబోయి మూడు కాగితాలు చింపాను. సిగ్గుగానే ఉంది, కానీ ఆ ఏడు పేజీలు రాసినందుకు కాదు. నీకు చెప్పకుండా నీ పేరు మీద పంపినందుకు. సరిచెయ్యడానికి వారం రోజులుండగా చెయ్యలేదు. చెయ్యాలనిపించలేదు.

జూలైలో ఒక ఉత్తరం రాసి పోస్టు చెయ్యకుండా డ్రాయర్లో పడేశాను. అదీ పెడుతున్నాను. అందులో ఉన్న కుళ్ళంతా నిజమే, ఒక్కముక్క దిద్దలేదు.

ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. ఆఫీసులో అందరూ గట్టిగా చదువుకున్నారన్నావే, ఆ వాక్యం దగ్గర నేను లేచి షాపంతా ఒకసారి తిరిగొచ్చాను. మామయ్య "ఏమైందే" అన్నారు. కాళ్ళు తిమ్మిరెక్కాయన్నాను.

పీపా

&nbsp;

హాస్టల్.
సెప్టెంబరు 27

నిన్ను పీపా అని పిలవడానికి కూడా మనసు రావడంలేదు.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నూట నలభై రెండు పేజీలు నిన్ను నమ్మి ఇచ్చాను. పరీక్షలకి చదవకుండా, సెలవు రోజు కూడా గదిలోంచి కదలకుండా నాలుగు నెలలు రాశాను. నువ్వొచ్చి అందులో నీ వెటకారం కలిపావు. మెచ్చుకున్నదంతా నువ్వు కలిపిందే. వంద పేజీల పైన నేను రాసింది వాళ్ళు 'చాలాసార్లు చూసిన అమ్మాయి'. అది చదివినప్పుడు నాకెలా ఉండి ఉంటుందో ఆలోచించావా?

ఈ రెండు వారాల్లో డ్రమ్ము కథ పదకొండుసార్లు మొదలుపెట్టాను. నేను రాస్తే ఆ పిల్ల ఏడుస్తుంది తప్ప నోరు విప్పదు.

సరే, అయిందేదో అయింది. ఒక పని చెయ్యి. నువ్వు రాయి. నీకొచ్చినట్టు రాయి, భాష నేను దిద్దుకుంటాను. నా పేరుతో వెళ్తుంది. ఎలాగూ పోటీలో ఉన్నది నేను. నీకు పేరెందుకే? అట్ట వెనక ఫొటో వేస్తారు. సభ పెట్టి స్టేజీ మీదకి పిలుస్తారు. నువ్వెళ్ళగలవా? అరచేతులు తుడుచుకోవడానికే సరిపోతుంది నీకు. గెలిస్తే నువ్వు చేసిన పని మర్చిపోతాను, ఎవరికీ చెప్పను.

ఆలోచించుకుని వెంటనే జవాబు రాయి.

అక్క

&nbsp;

మామయ్య షాపు.
అక్టోబరు 9

అక్కా,

ఫొటో మాట చదివాక ఒక రోజంతా నువ్వన్నదే న్యాయమనుకున్నాను. ఫొటోల్లో నేనెప్పుడూ వెనక వరసే. ముందు ఎవరో ఒకరు ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది. నువ్వే ముందుండు, నేను వెనక నుంచి మాటలందిస్తాను, ఎప్పుడూ ఉన్నదేగా అనుకున్నాను.

నాలుగు పేజీలు రాశాను. మేడమీద మా గదిలో మంచం కింద కూర్చుని రాశాను, తమ్ముడు పుస్తకం లాక్కోకుండా. డ్రమ్ము బట్టలకొట్టుకి వెళ్తుంది. కొట్టు ఆవిడ ముందే, "నీ సైజు ఉండదమ్మా" అంటుంది. "నాకు కాదండీ, మీకే చూద్దామని వచ్చాను" అంటుంది డ్రమ్ము. రాసి, బాగుందనుకుని, పైన నీ పేరు రాశాను. రాయగానే కడుపులో మంట లేచింది. నీ మార్కుల కాగితం చూసినప్పుడు కూడా అంత మండలేదు.

వెళ్ళి మామయ్యకి మొత్తం చెప్పేశాను. కొడతారనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"వచ్చినావిడ కాగితం మార్చి కొట్టావు" అన్నారు.

"మన అక్కే కదా మామయ్యా."

"ఎవరైతేనేం, మన షాపులోకి వచ్చిన కాగితం. తప్పు కొడితే ఏం చేస్తాం?"

"మళ్ళీ కొట్టిస్తాం."

"మరింకేం, కూర్చో."

నాలుగు రోజులు కూర్చుని నువ్వు రాసింది రాసినట్టు కొట్టాను. కామా కూడా కదపలేదు. "మొదట పంపినదాంట్లో ఏడు పేజీలు టైపు చేసిన ఆపరేటర్ సొంతంగా మార్చింది. రచయితకి తెలియదు, ఆవిడ తప్పులేదు. ఆవిడ రాసిన అసలు నవల ఇది. దయచేసి దీన్నే చూడండి" అని సంపాదకురాలికి ఉత్తరం పెట్టాను. కింద షాపు అడ్రసు రాశాను. నిన్న పంపేశాను.

నేనేదో పుణ్యం చేశానని అనుకోకు. పంపుతున్నప్పుడు నాకు సంతోషం వేసింది అక్కా. నీ మాటలతోనే వెళ్తే నీ నవల నిలవదని నాకు తెలుసు. తెలిసే పంపాను. చెయ్యాల్సిన పనే చేశాను, కానీ కుళ్ళుతో చేశాను. అందుకే నిన్నటి నుంచి అన్నం సయించడంలేదు. నాకు అన్నం సయించకపోవడం ఇంట్లో ఎవరూ ఎరగరు, అమ్మ డాక్టర్ని పిలుద్దామంటోంది.

పీపా

&nbsp;

హాస్టల్.
నవంబరు 6

చెల్లీ,

సంపాదకురాలు జవాబు రాసింది. అసలు నవల చదివిందట. భాష శుభ్రంగా ఉందట. శుభ్రంగా ఉందన్న మాట నా మీద నేను ఇంకెప్పుడూ వాడుకోను. తిరగరాయడానికి నవంబరాఖరు దాకా గడువు ఉంచింది, దయతలచి. "ఆ ఆపరేటర్‌కి కూడా రాస్తున్నాను. వయసు సరిపోతే ఆ అమ్మాయి సొంతంగా ఒక నలభై పేజీలు పంపితే పోటీలో చేర్చుకుంటాం" అంది. ఈపాటికి నీకు అందే ఉంటుంది.

నెల రోజులు నీకు జవాబు రాయలేదు. తిట్లు రాయడానికి కూర్చున్నప్పుడల్లా డ్రాయర్లో పడేసిన నీ ఉత్తరం అడ్డమొచ్చింది. అందులో నా పళ్ళు కనపడ్డాయని రాశావు. నిజమే. అందరికంటే ముందు నవ్వింది నేనే. ఆ రోజు పొద్దుట్నించీ నువ్వు ఏదో ఒకటి అంటూనే ఉన్నావు, ఆడపిల్లలందరూ నీ చుట్టూ మూగి పడీపడీ నవ్వుతున్నారు. పట్టులంగా కట్టుకుని, ఉపన్యాసం కంఠతా పట్టి నేను ఒక్కదాన్నే స్తంభం పక్కన నిలబడి ఉన్నాను. ఎవరూ పలకరించలేదు. కుర్చీ విరగ్గానే నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు చెయ్యి అందించలేదు కాబట్టే నవల్లో అందించాను. అలా రాసుకుంటే అలాగే జరిగినట్టు ఉంటుందనుకున్నాను.

ఇక్కడ నా మంచం చుట్టూ ఎవరూ చేరరు. ఒక్కొక్క బడిలో మొదటి ర్యాంకు వచ్చినవాళ్ళే ఇక్కడ నలభైమందిమి. నాది ముప్పై ఒకటో స్థానం. అమ్మకి పంపిన మార్కులు మొదటి పరీక్షవి, ఆ తర్వాతవి పంపలేదు. వక్తృత్వం బహుమతి అబద్ధం. భోజనానికి ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక ఆలస్యంగా వెళ్తాను. ఆ తీరిక అంతటితో నవల రాశాను. నాకున్నది అదొక్కటే.

అందుకే సిగ్గు విడిచి అడుగుతున్నాను. ఆ నలభై పేజీలు పంపకు. నువ్వు పంపితే నా వైపు కన్నెత్తి చూడరు. జనవరికి నాకు పద్దెనిమిది నిండుతాయి, నాకిదే ఆఖరుసారి. నీకింకా ఏడాదిన్నర ఉంది. నువ్వు మాట్లాడితే నలుగురు చేరతారు. మామయ్య ఉన్నారు, షాపు ఉంది. నువ్వు ఎక్కడున్నా బతుకుతావు. ఈ ఒక్కసారికి నాకు వదిలెయ్యి. నేను మళ్ళీ రాస్తాను, ఈసారి నా గురించే రాస్తాను, ఆ స్తంభం పక్కన నిలబడిన పిల్ల గురించి.

ఇంతకంటే ఎక్కువ ఎవర్నీ ఎప్పుడూ బతిమాలలేదు.

అక్క

&nbsp;

మేడమీద, మా గది.
నవంబరు 14

అక్కా,

నీ ఉత్తరం పదకొండో తారీకున వచ్చింది. నేను పేజీలు పంపింది పదమూడున.

ఈ తేదీలు నువ్వడక్కుండానే రాస్తున్నాను. నీ ఉత్తరం ఆలస్యంగా చేరింది, అప్పటికే పంపేశాను అని రాయొచ్చు. నువ్వు నమ్మేదానివి. నీకు బాధ తగ్గేది, నాకు పీడా వదిలేది. పోస్టువాడి మీద నెట్టేస్తే ఇద్దరం కలిసి వాణ్ణే తిట్టుకునేవాళ్ళం. ఆ వాక్యం ఒకసారి రాసి కొట్టేశాను కూడా. కానీ అలా జరగలేదు. నీ ఉత్తరం ముందే వచ్చింది. రెండుసార్లు చదివాను, రెండోసారి ఏడ్చాను. అమ్మకి చూపిద్దామనుకుని మానేశాను. సంపాదకురాలి ఉత్తరం అందిన రోజు నుంచీ రాసిన నలభై పేజీలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. నీ ఉత్తరాన్ని రెండు రోజులు దిండు కింద పెట్టుకుని, ఆ తర్వాతే వాటిని పంపాను.

నీకింకా ఏడాదిన్నర ఉందన్నావు. వయసు ఉంటుంది, నిజమే. ధైర్యం ఉంటుందో లేదో నాకు తెలియదు. పదహారేళ్ళలో ఇదే మొదటిసారి రావడం. ఇప్పుడు పక్కకి తప్పుకుంటే ఇంకెప్పుడూ తప్పుకుంటూనే ఉంటాను. పైగా జీవితాంతం దానికి కారణం నువ్వని చెప్పుకుంటాను. అంత కుళ్ళు నీ మీద పెంచుకోవడం నాకిష్టం లేదు, ఇప్పటికే చాలినంత ఉంది.

నన్ను చూసి నువ్వు కుళ్ళుకుంటావని కలలో కూడా అనుకోలేదు. కుళ్ళుకో. నేను పదహారేళ్ళు కుళ్ళుకున్నాను, నాకేం కాలేదు. తిన్నాను, నిద్రపోయాను, నీ నవల కొట్టాను.

నీది మాత్రం ఆపకు. నీ ఉత్తరంలో స్తంభం పక్కన నిలబడిన పిల్ల ఉంది చూడు, నూట నలభై రెండు పేజీల్లో నాకెక్కడా కనపడలేదు ఆ పిల్ల. నాకు కుళ్ళు పుట్టేలా ఉంది ఆ పేరా. నేను రాసుంటే బాగుండేదనిపించింది. గడువు ఇంకా పదహారు రోజులుంది. కొట్టడానికి నా దగ్గరికి పంపడం నీకిష్టం లేకపోతే మామయ్య కొడతానన్నారు. ఆయన వేలు నెమ్మదే గానీ మనిషి నమ్మకం. ఇద్దర్లో ఎవరిది తీసుకున్నా, ఎవరిదీ తీసుకోకపోయినా, రెండోవాళ్ళు కుమిలిపోవడం ఖాయం. అది నేనైతే నీతో నెలరోజులు మాట్లాడను, ఇప్పుడే చెప్తున్నాను.

అరచేతులకి ఇంకా చెమట పడుతూనే ఉంది. పేజీలతోపాటు స్కాన్ చేసి పంపాల్సిన ఫారంలో పేరు, వయసు రాసే చోట కాగితం తడిసి అలుక్కుపోతే రెండోది తీసుకుని రాశాను.

పెద్దమ్మకి నీ ర్యాంకు సంగతి నేను చెప్పను. నువ్వే చెప్పు.

సెలవులకి కోపం తగ్గాక రా. తగ్గకపోయినా రా.

నీ చెల్లెలు